కాలనీ పార్కులో పిల్లల వాటా

మన పట్టణాల్లో కాలనీ పార్కు అనగానే అందరికీ తెలిసిన నమూనా ఒకటి ఉంది. చుట్టూ ప్రహరీ, లోపల వాకింగ్ ట్రాక్, ఒక పక్క ఓపెన్ జిమ్, మధ్యలో ఎవరూ తొక్కకూడని లాన్, ఇవన్నీ పోగా మిగిలిన మూలలో ఒక జారుడుబల్ల, రెండు ఊయలలు, ఒక సీసా. ఆ మూలకు ప్లే ఏరియా అని బోర్డు పెడతారు. రంగులు కొత్తగా ఉన్నన్నాళ్లు పిల్లలు ఎగబడతారు. రెండు వానాకాలాలు గడిచేసరికి ఊయల గొలుసు తెగుతుంది, జారుడుబల్ల అంచు పగులుతుంది, సీసా ఒక పక్కకు వాలి కదలడం మానేస్తుంది. కాలనీ సంక్షేమ సంఘం మళ్లీ కార్పొరేటర్ దగ్గరికి వెళ్లి కొత్త సామాను ఇప్పించమని అడుగుతుంది. హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా ఎన్నో కాలనీల్లో జరుగుతున్నది ఇదే. డబ్బు లేకనే ఇలా అవుతోందని చాలామంది అంటారు. కట్టడానికి డబ్బు ఏదో ఒక దారిన దొరుకుతూనే ఉందని నేను అంటాను. కట్టిన తర్వాత నడపడానికి కావలసిన డబ్బే ఏ పద్దులోనూ కనిపించదు. ఎవరు ఆడుకోవడానికి కడుతున్నామో వాళ్లను అడిగే అలవాటు కూడా మనకు లేదు. ఈ రెండూ తేల్చుకోకుండా వేసిన ఏ ప్లానైనా, ఎంత ఖరీదైనదైనా, ఆ మూలకే చేరుతుంది.

ముందు స్థలం సంగతి చూడాలి. లేఅవుట్ వేసినప్పుడు విస్తీర్ణంలో 10 శాతం ఖాళీ స్థలంగా వదిలి, దాన్ని రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్‌తో స్థానిక సంస్థకు అప్పగించాలన్న నియమం మనకు కొత్తది కాదు. ఆ పది శాతం ఎక్కడ, ఏ ఆకారంలో వదలాలన్న దగ్గరే మోసం జరుగుతుంది. ప్లాటుగా అమ్ముడుపోని వంకర ముక్క, హైటెన్షన్ తీగల కింది పట్టీ, వాన నీరు నిలిచే పల్లం పార్కు పేరుతో కాగితానికి ఎక్కుతాయి. మంచి స్థలమే వదిలినా, ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటే అక్కడ ఒక గుడి వెలుస్తుంది, లేదా పక్కింటి ప్రహరీ రెండడుగులు ముందుకు జరుగుతుంది. బెంగళూరులో పార్కు కోసం కేటాయించిన స్థలాన్ని ఒక ప్రైవేటు ఆస్పత్రికి ఇచ్చినప్పుడు ఆ ప్రాంతవాసులు కోర్టుకెక్కారు. బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యంలో 1991లో సుప్రీంకోర్టు, ప్రజల కోసం వదిలిన ఖాళీ స్థలాన్ని ఆ విధంగా మళ్లించే అధికారం ప్రభుత్వానికి లేదని చెప్పింది. ఆస్పత్రి మంచిదే కదా అన్న వాదన అక్కడ నిలవలేదు. హైదరాబాద్‌లో 2024లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ హైడ్రా, చెరువులతో పాటు పార్కు స్థలాలనూ తన బాధ్యతగా తీసుకున్నదంటే ఈ జబ్బు ఎంత ముదిరిందో అర్థమవుతుంది. కాబట్టి ఆటస్థలం కావాలనుకునే కాలనీ మొట్టమొదట మంజూరైన లేఅవుట్ ప్లాను నకలు, గిఫ్ట్ డీడ్ నకలు తెచ్చుకుని హద్దులు కొలిపించుకోవాలి. ఇది చాలా చప్పటి పని, దీనికి ఎవరూ చప్పట్లు కొట్టరు. అయినా దీన్ని వదిలేసి సామాను బిగించిన చోట, తర్వాత వచ్చే ఏ వివాదంలోనైనా మొదట పోయేది పిల్లల మూలే.

స్థలం దక్కాక అక్కడ ఏం పెట్టాలన్నది ఇప్పుడు ఎవరు నిర్ణయిస్తున్నారు? సామాను అమ్మే సంస్థ కేటలాగు పంపుతుంది, అసిస్టెంట్ ఇంజనీరు అంచనా వేస్తారు, సంఘం పెద్దలు రంగు ఎంచుతారు. ఆడేవాళ్ల మాట ఎక్కడా రాదు. దీనికి చక్కని ఎదురు ఉదాహరణ ఆమ్‌స్టర్‌డామ్. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆ నగర పురపాలక పనుల విభాగంలో చేరిన యువ ఆర్కిటెక్టు ఆల్డో వాన్ ఐక్, 1947లో ఇళ్ల మధ్య ఉన్న బెర్టెల్‌మన్‌ప్లైన్ అనే చిన్న ఆవరణలో ఒక ఆటస్థలం వేశాడు. అంచు కట్టిన ఇసుక గుంట, పల్టీలు కొట్టడానికి పొట్టి ఇనుప కమ్మీలు, ఒకదాని మీంచి ఒకదాని మీదికి దూకే గుండ్రటి దిమ్మెలు, చుట్టూ చెట్లు, తల్లులు కూర్చోవడానికి బెంచీలు. అంతే. అది చూసి మిగతా వీధులవాళ్లు మాకూ కావాలని నగరపాలక సంస్థకు ఉత్తరాలు రాశారు. అడిగిన వీధిలో ఏ ఖాళీ జాగా దొరికితే అక్కడ, కూలిన ఇంటి స్థలమైనా సరే, అదే రకం సరంజామాను ఆ చోటికి తగినట్టు అమర్చుకుంటూ పోయారు. 1978 నాటికి అలాంటివి 700 దాటాయి. ఈ ఉదాహరణలో నాకు విలువైనదిగా కనిపించేది వాన్ ఐక్ కళ కన్నా ఆ నగరం పాటించిన క్రమం. అడిగింది వీధి. డబ్బు పెట్టింది, కట్టింది నగరం. సామాను తక్కువ, చవక, మరమ్మతుకు లొంగేది. ఒక పెద్ద పార్కు మీద పోసే డబ్బుతో ఎన్నో చిన్న చోట్లు తయారయ్యాయి.

అడగడమంటే పిల్లలతో ఒక సభ పెట్టి ఫొటో దిగడం కాదు. సాయంత్రం అయిదున్నర నుంచి ఏడు దాకా వారం రోజులు ఆ పార్కులో ఎవరు వస్తున్నారు, ఏ వయసువాళ్లు, ఎక్కడ ఆగుతున్నారు, ఎందుకు వెళ్లిపోతున్నారు అని రాసుకుంటే సగం ప్లాను దానంతట అదే తయారవుతుంది. ముఖ్యంగా ఆడపిల్లల లెక్క విడిగా రాయాలి. ఈ పని వియన్నా నగరం 1990ల చివరలో చేసింది. తొమ్మిది పదేళ్లు దాటిన ఆడపిల్లలు పార్కులకు రావడం ఒక్కసారిగా తగ్గిపోతోందని గమనించింది. ఉన్న ఒక్క పెద్ద మైదానాన్ని మగపిల్లలు ఆక్రమించుకుంటే, పోటీపడి చోటు తెచ్చుకోవడం కన్నా ఇంటికి పోవడమే ఆడపిల్లలకు తేలికైంది. 1999లో మార్గరెటెన్ ప్రాంతంలోని రెండు పార్కుల్లో ఆ పెద్ద ఖాళీని చిన్న చిన్న భాగాలుగా విడగొట్టి, దారులు మెరుగుపరిచి, వాలీబాల్, బ్యాడ్మింటన్ లాంటి ఆటలకు వీలు కల్పిస్తే ఆడపిల్లలు మళ్లీ రావడం మొదలుపెట్టారు. మన దగ్గర ఖాళీ కనిపిస్తే క్రికెట్ మొదలవుతుంది. క్రికెట్ మొదలైతే బంతి తగులుతుందని చిన్నపిల్లలనూ, జనం చూస్తారని పెద్ద ఆడపిల్లలనూ ఇంట్లోవాళ్లు పంపరు. తొక్కుడుబిళ్లకు నాలుగు బండలు, ఏడుపెంకులాటకు ఒక మట్టి జాగా, ఖోఖోకు రెండు స్తంభాలు కేటలాగులో దొరకవు. ఖర్చు దాదాపు లేని ఆ ఏర్పాట్లు ఏ అంచనాలోనూ కనిపించకపోవడానికి కారణం కూడా అదే. వాటిని అమ్మేవాళ్లు ఎవరూ లేరు.

సామాను కన్నా ముందు కొనవలసింది దాని కింది నేల. ఆటస్థలాల్లో దెబ్బలకు మొదటి కారణం కింద పడటమేనని ఈ విషయం లెక్కగట్టిన దేశాలన్నీ చెబుతున్నాయి. అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంఘం చేతిపుస్తకం ప్రకారం 9 అంగుళాల మందాన పోసిన ఇసుక 4 అడుగుల ఎత్తు నుంచి పడినవారిని కాపాడగలదు. అదే మందాన చెక్క పొట్టు ముక్కలు పోస్తే 10 అడుగుల దాకా ఆ రక్షణ ఉంటుంది. సామాను చుట్టూ 6 అడుగుల దాకా మరేమీ ఉండకూడదు. ఊయలకైతే గొలుసు వేలాడే ఎత్తుకు రెండింతల దూరం ముందు, అంతే దూరం వెనక ఖాళీగా ఉండాలి. అంటే 8 అడుగుల ఎత్తు ఊయలకు ముందు వెనకలు కలిపి 32 అడుగులు. మన ప్లే ఏరియా మొత్తం పొడవు చాలా చోట్ల అంత ఉండదు. ఆ కొలతతో చూస్తే ఊయల ఎదురుగా రెండు గజాల దూరంలో సిమెంటు బెంచీ వేయడం ఎంత ప్రమాదమో తెలుస్తుంది. మన ఊయలల కింద నేలను ఒకసారి వంగి చూడండి. కాళ్లు ఈడ్చి ఈడ్చి అక్కడ ఒక గుంట పడుతుంది. వానకు అందులో నీళ్లు నిలుస్తాయి, ఎండకు అడుగు రాయిలా బిగుస్తుంది, కొన్నాళ్లకు కమ్మీ పాతిన కాంక్రీటు దిమ్మె మొన బయటికి వస్తుంది. పైకి చూస్తే గొలుసును పట్టి ఉంచే కొక్కెం అరిగి నోరు తెరుచుకుని ఉంటుంది. ఒక బండి ఇసుక, ఒక కొత్త కొక్కెం, రెండు నట్లు ఉంటే ఈ మూడింటిలో ఏదీ ప్రమాదం దాకా రాదు. వాటిని తెచ్చి వేసే మనిషిని, అతనికిచ్చే డబ్బును ముందే ఏర్పాటు చేయలేదు కాబట్టే ఊయల మొత్తం పాడైందని రాసుకుని కొత్తది అడుగుతున్నాం.

ఎండ గురించి వేరే చెప్పాలి, ఎందుకంటే బయటి దేశాల నమూనాలను తెచ్చి పెట్టేటప్పుడు మొదట మరిచేది దాన్నే. మార్చి నుంచి జూన్ దాకా మన ఊళ్లలో ఇనుప జారుడుబల్ల మధ్యాహ్నం మూడింటికి కూడా ముట్టుకోలేనంత కాలుతుంది. ఇప్పుడు గొప్పగా వేయిస్తున్న రంగురంగుల రబ్బరు పరుపు కూడా నేరుగా ఎండ పడే చోట అరికాళ్లను కాల్చేస్తుంది. నీడ లేని ఆటస్థలం ఏడాదిలో మూడు నాలుగు నెలలు చీకటి పడేదాకా పనికిరాదు. కాబట్టి వేప, కానుగ మొక్కలు మొదటి ఏడాదే నాటి, అవి ఎదిగేదాకా పైన షేడ్ నెట్ కట్టడం అంచనాలో భాగం కావాలి. ఉన్న చెట్టు నీడలోకి సామాను జరపగలిగితే ఇంకా మంచిది. చక్రాల కుర్చీలో వచ్చే పిల్లల మాట కూడా ప్లాను గీసేటప్పుడే రావాలి. వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. విశాఖలో స్మార్ట్ సిటీ పథకం కింద ఆల్ ఎబిలిటీస్ పార్కు కట్టారు. బెంగళూరులో కిలికిలి అనే సంస్థ నగరపాలక సంస్థతో కలిసి అందరు పిల్లలూ ఆడుకునే చోట్లు తయారు చేసింది. నగరానికి ఒక ప్రత్యేక పార్కు ఉండటం మంచిదే కానీ, రోజూ సాయంత్రం ఆటో మాట్లాడుకుని ఎవరూ అక్కడిదాకా వెళ్లలేరు. ప్రతి కాలనీ పార్కు గేటు దగ్గర మెట్టు తీసి వాలు వేయడానికీ, ఇసుక గుంటను కుర్చీలో కూర్చునే అందేంత ఎత్తులో కట్టడానికీ అదనంగా అయ్యేది చాలా తక్కువ. తర్వాత పగలగొట్టి మార్చాలంటేనే ఎక్కువవుతుంది.

ఇక డబ్బు. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పురపాలక సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలను పన్నెండో షెడ్యూలులో చేర్చింది. అందులో 12వది పార్కులు, తోటలు, ఆటస్థలాలు. అంటే ఇది ఎవరో దయతలచి చేసే పని కాదు, మనం కట్టే ఆస్తిపన్నుతో జరగవలసిన పని. పథకాల డబ్బు కూడా ఉంది. 2015లో 500 నగరాల కోసం మొదలైన అమృత్ పథకం పచ్చని ప్రదేశాలకు, పార్కులకు 2.5 శాతం దాకా ఖర్చు చేయవచ్చంటూ, పిల్లలకు అనువైన ఏర్పాట్లు తప్పక ఉండాలంది. ప్రతి అమృత్ నగరం ఏడాదికి కనీసం ఒక పిల్లల పార్కు తయారు చేయాలని, పార్కుల నిర్వహణకు ప్రజల భాగస్వామ్యంతో ఒక వ్యవస్థ పెట్టాలని తన సంస్కరణల జాబితాలోనే రాసింది. తెలంగాణ 2019 పురపాలక చట్టం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించమంది. ఎంపీకి ఏటా 5 కోట్ల రూపాయల స్థానికాభివృద్ధి నిధి ఉంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను కింద నిర్ణీత పరిమాణం దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఇవి కాక తండ్రి పేరుతో బెంచీ వేయించే కొడుకులు, పుట్టిన ఊరికి అమెరికా నుంచి డబ్బు పంపే కూతుళ్లు ఎప్పుడూ ఉన్నారు. వరుసగా చూస్తే వీటిలో చాలా వాటికి ఒక పోలిక ఉంది. అవి కొత్తదాన్ని నిలబెట్టడానికి ఇచ్చేవి. ఎంపీ నిధి ప్రధానంగా శాశ్వత ఆస్తుల కోసమే. కంపెనీకి ప్రారంభోత్సవం కావాలి, దాతకు శిలాఫలకం కావాలి. కొక్కెం మార్చినందుకు శిలాఫలకం వేయరు. అందుకే ఏటా వచ్చే ఆస్తిపన్ను డబ్బు తప్ప నిర్వహణకు మరో నమ్మకమైన ఆధారం లేదు. బయటి డబ్బు ఎంత వచ్చినా సరే, కౌన్సిల్ తీర్మానంలో నిర్వహణ పద్దు చూపించాకే దాన్ని తీసుకోవాలి.

ఇది ఆచరణలో సాధ్యమేనా అంటే, ప్రభుత్వం ఇప్పటికే ఒక చోట చేస్తున్నది ఇదే. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో రోడ్డు వేసిన కాంట్రాక్టరే అయిదేళ్లు దాన్ని నిర్వహించాలన్న షరతు ఒప్పందంలోనే ఉంటుంది. కట్టి వెళ్లిపోతే కుదరదు. పల్లె రోడ్డుకు ఒప్పుకున్న పద్ధతిని పార్కుకు ఒప్పుకోకపోవడానికి కారణం లేదు. 10 లక్షలు మంజూరైతే 7 లక్షల పని చేయించి, 3 లక్షలను అయిదేళ్ల నిర్వహణకు అదే టెండర్‌లో చేర్చాలి. నెలకోసారి నట్లు, కొక్కేలు, ఇసుక మట్టం చూసి పార్కులోనే ఉంచిన రిజిస్టరులో సంతకం చేసేదాకా ఆ బిల్లు కదలకూడదు. సామాను 30 శాతం తగ్గుతుందని సంఘాలు నొచ్చుకోవచ్చు. మూడేళ్లకు అంతా పోవడం కన్నా తక్కువ సామాను అయిదేళ్లు నిలవడం నయం. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి వార్డు సచివాలయాల్లో సౌకర్యాల కార్యదర్శి ఉన్నారు. ఆ రిజిస్టరు చూసే పని వారి నెలవారీ విధుల్లో చేరిస్తే కొత్త ఉద్యోగం కూడా అక్కర్లేదు.

నిర్వహణతో సహా మొత్తం ప్రైవేటు సంస్థకు అప్పగిస్తే త్వరగా అవుతుంది కదా అనేవాళ్లున్నారు. త్వరగా అవుతుందన్నది నిజమే. స్వచ్ఛంద సంస్థల చురుకు నిజంగా గొప్పది. బెంగళూరు కేంద్రంగా పనిచేసే ఆంట్‌హిల్ క్రియేషన్స్ పాత టైర్లతో తక్కువ ఖర్చులో ఎన్నో ఆటస్థలాలు కట్టింది. అమెరికాలో 1996లో పుట్టిన కబూమ్ సంస్థ, వీధివాళ్లంతా ఒక్క రోజులో కలిసి కట్టుకునే పద్ధతికి పేరు తెచ్చింది. ఆ ఒక్క రోజు పని ఆ వీధివాళ్లకు ఆ చోటు మీద ఇచ్చే మమకారం ఏ టెండరూ ఇవ్వలేదు, దాన్ని నేను తక్కువ చేయను. చిక్కు ఎక్కడంటే, ఈ సాయం అడగగలిగేవాళ్లకే అందుతుంది. రిటైరైన ఆఫీసర్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఉన్న కాలనీ ఒక మంచి అర్జీ రాయగలదు, కంపెనీ మేనేజరును కలవగలదు. పక్కనే ఉన్న బస్తీకి సంఘమే ఉండదు, ఉన్నా లెటర్‌హెడ్ ఉండదు. గజం ఖాళీ లేని ఆ బస్తీ పిల్లలకే ఆటస్థలం ఎక్కువ అవసరం. దాతల డబ్బు ఇష్టమున్న చోటికి పోతుంది, దాన్ని మనం ఆపలేం, ఆపనక్కర్లేదు కూడా. పురపాలక డబ్బు మాత్రం పిల్లలు ఎక్కువ, ఖాళీ తక్కువ ఉన్న వార్డుకు ముందు వెళ్లాలని రాతపూర్వకంగా నియమం పెట్టుకోవచ్చు. పుణె నగరపాలక సంస్థ 2006 నుంచి వార్డు పనులను పౌరులే సూచించే బడ్జెట్ పద్ధతి నడుపుతోంది. అలాంటి ద్వారం తెరిచినప్పుడు కూడా అర్జీ రాయలేని వీధుల దగ్గరికి సిబ్బందే వెళ్లి అడగాలి.

బస్తీలో స్థలమే లేనప్పుడు ఏం చేస్తారన్నది న్యాయమైన ప్రశ్న. దీనికి దగ్గరి సమాధానం ప్రభుత్వ పాఠశాల. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంటోంది. సాయంత్రం నాలుగున్నర తర్వాత, ఆదివారాలు, వేసవి సెలవులంతా ఆ గేటుకు తాళం పడుతుంది. ఒక వాచ్‌మన్ జీతం, దీపాల కరెంటు బిల్లు మున్సిపాలిటీ భరిస్తే కొత్తగా గజం కొనకుండా ఎన్నో బస్తీలకు ఆటస్థలం వస్తుంది. తెలంగాణలో 2022లో ఊరూరా, వార్డువార్డునా క్రీడా ప్రాంగణాలు అనుకున్నప్పుడు కూడా అన్నిటికన్నా కష్టమైంది స్థలమే. బడి గేటు తెరిస్తే సగం కష్టం తీరుతుంది.

డ్రైనేజీ పొంగుతుంటే, మంచినీళ్లు రోజు విడిచి రోజు వస్తుంటే ఊయలలు ఎవరికి కావాలన్నది అన్నిటికన్నా బరువైన అభ్యంతరం. డ్రైనేజీ ముందు రావాలి, ఒప్పుకుంటాను. పైన చెప్పినట్టు చిన్నగా, చవకగా కడితే ఆ రెంటికీ పోటీ రాదు. పోటీ వచ్చేది కోట్ల రూపాయల ఫౌంటెన్లతో, సెల్ఫీ పాయింట్లతో. పైగా ఇది విలాసం కాదు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అపార్ట్‌మెంట్ కారిడార్‌లో, కార్లు తిరిగే సందులో ఆ గంట దొరకదు. పిల్లలు ఫోన్లు వదలడం లేదని తిట్టే ముందు ఫోను వదిలి ఎక్కడికి వెళ్లమంటున్నామో చెప్పగలగాలి. గోల ఎక్కువవుతుందని, ప్రశాంతత పోతుందని పెద్దవాళ్లు అనడం వేరే సంగతి. వాళ్లకూ ఆ పార్కు మీద హక్కుంది. ఆటస్థలాన్ని ప్రహరీ వైపు ఇళ్ల పడకగదులకు దూరంగా, గేటుకు దగ్గరగా, వాకింగ్ ట్రాక్ మీంచి కనిపించేలా పెడితే ఇద్దరికీ మేలు. నడిచే పెద్దల కళ్లు తిరుగుతున్న చోటే చిన్నపిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు భద్రత. చాటు మూలలో పెట్టిన ప్లే ఏరియా రాత్రయ్యేసరికి మందు సీసాలు పగిలే చోటవుతుంది.

పురపాలక సంస్థల బడ్జెట్ ఏటా ఏప్రిల్ 1కి ముందే తయారవుతుంది. ఆ తర్వాత అడిగితే పద్దు లేదన్న జవాబే వస్తుంది. కాబట్టి మీ కాలనీలోనో బస్తీలోనో ఆటస్థలం కావాలనుకుంటే సంక్రాంతి వెళ్లగానే వార్డు కార్యాలయానికి మూడు కాగితాలు పట్టుకెళ్లండి. పార్కు హద్దులు చూపే ప్లాను నకలు ఒకటి. వారం రోజుల సాయంత్రాలు పార్కుకు వచ్చిన పిల్లల లెక్క, ఆడపిల్లలది విడిగా వేసి, ఇంకొకటి. అయిదేళ్ల నిర్వహణకు ఎంత అవుతుందో, అది ఏ పద్దు నుంచి రావాలో రాసిన అర్జీ మూడోది. సామాను కేటలాగు ఇంట్లోనే వదిలేయండి.